చీటీ లేనిదే పశువుల మందు ఇవ్వట్లేదు, మీ ఊళ్లో ఎలా ఉంది?

తెనాలి_పాడి: రెండు గేదెలున్నాయి. పెద్దదానికి పొదుగువాపు. ఒక చన్ను రాయిలా గట్టిపడింది, పిండితే పాలు విరిగిపోయి గడ్డలుగా వస్తున్నాయి. పొదుగులోకి ఎక్కించే ట్యూబు అడిగితే షాపతను డాక్టరు చీటీ తెమ్మన్నాడు. ఆదివారం, ఆస్పత్రికి తాళం. ఇలాంటప్పుడు మీరేం చేస్తున్నారు?

నల్గొండ_బర్రెలు: మా దిక్కు చీటీ అడిగే షాపే లేదన్నా. ఫోన్‌లో బర్రె ఫోటో చూపిస్తే మందు చేతిలో పెడతారు, బిల్లు మాత్రం అడగొద్దు. రూలున్న షాపులో మందు దొరకదు, మందు దొరికే షాపులో రూలుండదు.

మందులకొట్టు: మా బాధ కూడా వినండి. యాంటీబయాటిక్స్ చాలావరకు షెడ్యూల్ హెచ్ కిందికి, అంటే చీటీ మీదే అమ్మాల్సిన మందుల జాబితాలోకి వస్తాయి, పశువులకైనా సరే. చీటీ లేకుండా అమ్మి తనిఖీలో దొరికితే లైసెన్సుకే ఎసరు. ఆ చీటీ రాయాల్సింది రిజిస్టర్డ్ వెటర్నరీ డాక్టరే, ఊళ్లో పశువులకి సూదులేసే గోపాలమిత్ర రాస్తే చెల్లదు. మినరల్ మిక్చర్ లాంటివైతే అడిగిన వెంటనే ఇస్తాం.

పశువైద్యుడు_రిటైర్డ్: తెనాలి గారూ, పగలైతే సంచార పశువైద్య వాహనం నంబరు 1962కి ఫోన్ చేయండి. డాక్టరు వచ్చేదాకా ఆ చన్ను పాలు మాటిమాటికీ పిండేసి పారబోయండి, దూడకి వదలొద్దు. మందు వాడాక పాలు ఎన్నాళ్లు అమ్మకూడదో లేబుల్ మీద చూడండి. ఆ మందుకి గడువు తేల్చి ఉండకపోతే పాలకి కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలని 2012లో రూలు తెచ్చారు.

తెనాలి_పాడి: వారం పాలు పారబోస్తే దాణా బాకీ ఎవరు కడతారండీ? యాభై గేదెల డెయిరీ ఒకదాని పాలు పక్కన పెట్టగలదు. నాకు అది సగం ఆదాయం.

పశువైద్యుడు_రిటైర్డ్: నిజమే. రూలు రాసినవాళ్లు ఆ నష్టం మాట ఎత్తలేదు.

బెజ్జూరు_రైతు: నొప్పి ఇంజక్షన్ల సంగతి నయం. ఆ మందు ఎక్కించాక చచ్చిన పశువుని తిన్న రాబందులు కిడ్నీలు పాడై చస్తున్నాయని 2006లో పశువులకి డైక్లోఫెనాక్ ఆపేశారు. మనుషుల పెద్ద సీసాలు తెచ్చి పొడుస్తుంటే 2015లో వాటినీ ఆపారు, ఇప్పుడు ఒక డోసు సీసాలే. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా పోయాయి. అయినా మాకు ఇబ్బంది లేదు, మెలాక్సికామ్ దొరుకుతోంది. మా పాలరాపు గుట్ట మీద రాబందులుండేవి కాబట్టి ఫారెస్టోళ్లు ఊరూరా తిరిగి చెప్పారు. బదులు మందు చూపించి వద్దంటే ఎవరైనా వింటారు.

నల్గొండ_బర్రెలు: చవక జెనరిక్ మందుల కోసం 2025 మార్చిలో కేంద్రం ‘పశు ఔషధి’కి 75 కోట్లు ఇస్తామంది కదా, సహకార సంఘాల్లో కూడా అమ్ముతారట. ఎవరికైనా దొరికిందా?

తెనాలి_పాడి: మా సొసైటీలో అడిగా. “యూరియా కావాలా?” అన్నారు.