అప్‌డేట్: ముగ్గురు పిల్లలతో అరకు వెళ్లొచ్చాం

14 ఏళ్ల అమ్మాయి, 8 ఏళ్ల బాబు, 3 ఏళ్ల చంటిదానితో మే నెలలో బెజవాడ ఎండ తప్పించుకుని ఎక్కడికెళ్లాలి అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ వెళ్లి, ఆ రాత్రి అక్కడే ఆగి, మర్నాడు పొద్దున్నే అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలెక్కాం. మధ్యలో ఆగడం ఎంత మంచిదైందో! చిన్నది కంటినిండా నిద్రపోయింది.

సొరంగం వచ్చిన ప్రతిసారీ మావాడు అరుస్తూ లెక్కపెట్టాడు. ఇంట్లో ఫోన్ వదలని పెద్దమ్మాయి, చీకట్లో చెల్లి బెదిరిపోతుంటే ఒళ్లోకి లాక్కుని వీపు నిమురుతూ కూర్చుంది. నాకు కళ్లు చెమర్చాయి.

బొర్రా గుహల్లో మెట్లు చంటిపిల్లలకు కష్టమే. నేను చిన్నదానితో పైనే ఆగాను, ఆయన పెద్దవాళ్లిద్దరినీ తీసుకెళ్లారు.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెట్టుకోమన్న అక్కకి చాలా థాంక్స్. తిరిగొచ్చి బెజవాడలో దిగగానే వేడిగాలి కొట్టింది, అవే ఆదుకున్నాయి.