పేరిణి అడుగులకు ఏ ట్రాకర్ నయం?

హన్మకొండ గజ్జెలు: అన్నా, పేరిణి నాట్యాన్ని వీఆర్‌లోకి (హెడ్‌సెట్ పెట్టుకుని చూసే కంప్యూటర్ లోకంలోకి) ఎక్కించాలని చూస్తున్నా. క్వెస్ట్ 3 హెడ్‌సెట్ నడుము దాకా బాగానే పట్టుకుంటుంది, కాళ్లు మాత్రం ఊహించి చూపిస్తుంది. నేను మడమతో దబ్బున తొక్కితే బొమ్మ షికారుకెళ్లినట్టు నడుస్తుంది! ఒంటికి కట్టుకుంటే కదలికను పట్టే ట్రాకర్లలో స్లైమ్‌వీఆర్ కొనాలా, వైవ్ ట్రాకర్లా? హాల్లో గోడ నిండా అద్దాలున్నాయి.

కాజీపేట సోల్డర్: స్లైమ్‌వీఆర్ చవకే. కానీ గురుత్వాకర్షణ ఆధారంగా వంపు సరిచేసుకుంటుంది తప్ప, దిక్కు మెల్లగా జారిపోతుంది. మాగ్నెటోమీటర్ (దిక్సూచిలాంటి సెన్సర్) పెడదామంటే స్లాబులోని ఇనుప చువ్వలు దాన్ని తికమక పెడతాయి. మీ తొక్కుడుకు మాటిమాటికీ రీసెట్ కొట్టాల్సిందే. నా ఓటు వైవ్‌కే. ట్రాకర్ల కోసం లేజర్ కొట్టే బేస్ స్టేషన్లు రెండూ ఎదురెదురు మూలల్లో, తల కంటే ఎత్తున, కొద్దిగా కిందికి వంచి పెట్టండి. అద్దాలకు దుప్పట్లు కట్టండి, లేకపోతే లేజర్ తిరిగి కొట్టి పాదం ఎగిరిపడుతుంది. క్వెస్ట్‌తో కలపాలంటే పీసీ, అందులో స్టీమ్‌వీఆర్ సాఫ్ట్‌వేర్ తప్పవు.

హన్మకొండ గజ్జెలు: దుప్పట్లు సరే. మరి హాప్టిక్ వెస్ట్ (ఒంటికి దెబ్బ తగిలినట్టు తెలిపే జాకెట్)?

కాజీపేట సోల్డర్: టాక్ట్‌సూట్ ఎక్స్40 అనే వెస్ట్‌లో 40 మోటార్లు ఉంటాయి, అన్నీ వణుకుతాయంతే, తోయవు. అడుగు దెబ్బ మీకు నేలే చెబుతుంది కదా. మృదంగం దరువు ఛాతీకి తగలాలనుకుంటే మాత్రం తీసుకోండి. ముందు కాళ్ల సంగతి చూడండి.