"నరం లేని నాలుక": ఇందులో నరం ఏది?

సన్నజాజి: మా అత్తయ్యకి మొన్న థైరాయిడ్ గడ్డ ఉన్న సగం తీశారు. ఫాలిక్యులర్ కేన్సర్ అని తేలింది. బయాప్సీ రిపోర్టులో "వాస్క్యులర్ ఇన్వేజన్" అని ఉందట. మామయ్య "నరాల్లోకి పాకింది" అని చుట్టాలందరికీ ఫోన్లు చేశారు. "అయ్యో, గొంతు పోతుందా?" అని ఒకటే టెన్షన్. అత్తయ్యేమో మామయ్యని చూసి "నరం లేని నాలుక..." అని మొదలెట్టి మిగతాది మర్చిపోయింది. ఆ రెండో సగం ఏమిటి? అక్కడ నరం అంటే రక్తం పోయే సిరా, కబురు మోసే నాడా?

ఈతచెట్టు: "ఎటైనా తిరుగుతుంది". అసలు పాఠం "ఎముక లేని నాలుక". నరాలు లేకపోవడమేంటండీ, నాలుక ఎత్తితే కింద నీలంగా కనిపిస్తుంటే!

పాతపుస్తకం: సిరా, నాడా అంటే ఇంకూ, లంగా బొందూ అనుకున్నాను :) తమిళంలో నరంబు అంటే రక్తనాళం, నాడి, వీణ తీగ కూడా. బిగించి కట్టే తీగ లేదు కాబట్టే నాలుక తిరుగుతుందని సామెత భావం. పాఠం మార్చక్కర్లేదు.

కత్తీదారం: సర్జన్‌ని కాబట్టి ఒక మాట. రిపోర్టులో ఉన్నది రక్తనాళం. ఫాలిక్యులర్ రకం ఎక్కువగా రక్తంలో పడే ఊపిరితిత్తులకో ఎముకలకో వెళ్తుంది. సూది పరీక్షలో ఇది తేలదు, గడ్డ తీశాకే ఎన్ని నాళాల్లోకి దూరిందో చూస్తారు. నాలుగు, ఆపైన ఉంటే రిస్కు ఎక్కువ. అప్పుడు సాధారణంగా మిగిలిన సగం కూడా తీసి రేడియో అయోడిన్ ఇస్తాం. అరుదుగా మెడలోని పెద్ద సిర, జుగులర్‌లోకే గడ్డ ముద్దలా పాకుతుంది. ఒక పక్కే అయితే పైనా కిందా ముడేసి ఆ ముక్క తీసేయొచ్చు, రెండో పక్క సిర పని నడిపిస్తుంది. రెండూ ఒకేసారి కట్టేస్తే మొహం వాచి తలలో ఒత్తిడి పెరుగుతుంది. గొంతు పలికించే నాడి వేరే, గ్రంథి వెనక సన్నటి తెల్ల దారంలా ఉంటుంది. రెంటినీ "నరం" అని చెప్పి నేనూ తిట్లు తిన్నాను. ఇప్పుడు "నెత్తురు గొట్టం", "గొంతు తీగ" అంటున్నా.

ఈతచెట్టు: మరి చెయ్యి పట్టుకుని చూసే నాడి? అది ధమని కదా!

పాతపుస్తకం: దొరికిపోయారు డాక్టరు గారూ. గొంతు మాటొస్తే నాకు పోతనే. "కంఠబిలమున బదిలంబుగ నిలిపె సూక్ష్మ ఫలరసము క్రియన్". శివుడు హాలాహలాన్ని అంత తేలిగ్గా ఆపేశాడు.

కలంకారి: "పదిలంబుగ" కదా? బ ఎక్కడిది?

పాతపుస్తకం: కంఠబిలమునన్, ఆ చివరి న్ ద్రుతం. దాని మీద ప వస్తే బ అవుతుంది. యతికీ ఇబ్బంది లేదు, జత అక్షరం "ఫలరసము"లో ఫ, అది పకైనా బకైనా కుదురుతుంది.

కలంకారి: మా నాన్నగారు ప అనే చదివేవారు.

ఈతచెట్టు: నాన్నగారి పాఠమే ప్రమాణం!

సన్నజాజి: రిపోర్టులో అయిదు నాళాలని రాశారు. వచ్చేవారం రెండో ఆపరేషన్. "గొంతు తీగ" అంటే అత్తయ్య నవ్వింది. సామెత రెండో సగం చెప్తే మాత్రం "అది కాదే, ఇంకేదో ఉంది" అంటోంది.