కొత్త భూమి అంటే ఈ భూమే బాగుపడటమా, దీన్ని కాల్చేసి ఇంకొకటి చేయడమా?

ఒలీవకొమ్మ:
మొన్న ఒక సమాధి కూడికకు వెళ్లాను. తొమ్మిదేళ్ల బాబు. వాక్యం చెప్పినాయన మంచివాడే, ఓదార్చాలనే మాట్లాడాడు. కానీ మధ్యలో "ఈ భూమి ఎలాగూ కాలిపోయేదే, దీనిమీద మనసు పెట్టుకోకండి" అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు, నేనూ అన్నాను. అన్నీ అయ్యాక ఆ తల్లి నన్ను పక్కకు పిలిచి అడిగింది: "వాణ్ణి పెట్టింది ఈ భూమిలోనే కదా. అదీ కాలిపోతుందా?"

నాకు మాట రాలేదు. ఇంటికొచ్చి బైబిలు తీస్తే రెండు వైపులా వచనాలు కనబడ్డాయి. 2 పేతురు 3:10లో భూమి, దానిమీదున్న కృత్యాలు కాలిపోతాయని ఉంది. రోమా 8:21లో సృష్టి నాశనపు దాస్యంలోనుంచి విడుదల పొందుతుందని ఉంది. కాల్చేసేదాన్ని ఎవరైనా విడిపిస్తారా? లోకాంతంలో కొత్త ఆకాశం, కొత్త భూమి వస్తాయని చెప్పే ప్రకటన 21లో, 5వ వచనంలో దేవుడు "సమస్తమును నూతనమైనవిగా చేయుచున్నాను" అంటాడు. ఉన్నవాటినే కొత్తవి చేస్తున్నాడనా, కొత్తవే చేస్తున్నాడనా?

దయచేసి "దేవుడికే తెలుసు" అని మాత్రం జవాబివ్వకండి. అది నాకూ తెలుసు.

కావలివాడు:
అక్కా, ఆ తల్లికి దేవుడు ఆదరణ ఇవ్వాలి. కానీ వాక్యం సూటిగానే ఉంది. "పంచభూతములు మిక్కటమైన వేండ్రముతో లయమైపోవును." లయం అంటే లయమే. ప్రకటన 20:11లో భూమ్యాకాశాలు సింహాసనం ముందునుంచి పారిపోతే వాటికి నిలవడానికి చోటు లేకపోయింది. 21:1లో మొదటి ఆకాశం, మొదటి భూమి గతించిపోయాయి. "బాగుచేయబడ్డాయి" అని అక్కడ లేదు. హెబ్రీ 1లో ఆకాశాల్ని పాత బట్టతో పోలుస్తాడు, మడిచి పక్కన పెడతారని. ఇన్ని చోట్ల చెప్పాక కూడా "బాగుపడుతుంది" అంటే మన ఇష్టాన్ని వాక్యం మీద రుద్దినట్టే.

ఇంకో మాట. భూమ్మీదే పరదైసు అనేది యెహోవా సాక్షుల బోధ, మన సంఘాలు ఒప్పుకోని శాఖ వాళ్లది. జాగ్రత్త.

పాతప్రతులు:
కావలివాడు బ్రదర్, పేతురు వచనం దగ్గర ఒక చిక్కుంది. మనకు దొరికిన బాగా పాత గ్రీకు ప్రతుల్లో రెండు, సినాయిటికస్, వాటికనస్. రెండూ 4వ శతాబ్దానివి. వాటిలో ఆ వాక్యం చివర "కాలిపోవును" లేదు. "కనబడును", అంటే బయటపడుతుంది అన్న అర్థమిచ్చే క్రియ ఉంది. "కాలిపోవును" అన్న పాఠం 5వ శతాబ్దపు అలెగ్జాండ్రినస్‌లోనూ, తర్వాతి చాలా ప్రతుల్లోనూ ఉంది. మన తెలుగు బైబిలు ఆ పాఠాన్ని అనుసరించింది. పాత పాఠం ప్రకారం చూస్తే అగ్ని భూమిని లేకుండా చేయదు. కప్పున్నదాన్ని తీసేసి, మనుషులు చేసిన పనుల్ని దేవుడి ముందు బయట పెడుతుంది. కంసాలి కుంపటి లాంటి అగ్ని అన్నమాట, చెత్త తగలబెట్టే మంట కాదు.

అది పక్కన పెట్టినా, అదే అధ్యాయం 6వ వచనం చూడండి. నోవహు కాలపు లోకం నీళ్లలో మునిగి "నశించెను" అంటాడు పేతురు. నశించిందన్నాడు కదా, మరి నోవహు ఓడ దిగి కాలు పెట్టింది ఏ భూమి మీద? ఆ భూమి మీదే. పేతురు దృష్టిలో లోకం నశించడం అంటే నేల మాయమవడం కాదని అక్కడే తెలుస్తోంది.

కావలివాడు:
ప్రతుల సంగతి నాకు కొత్త, ఒప్పుకుంటాను. కానీ మీరు 10 దగ్గరే ఆగిపోయారు. 11వ వచనంలో "ఇవన్నియు లయమైపోవునవి" అని మళ్లీ అంటాడు. 12లో ఆకాశాలు రగులుకొని లయమవుతాయని మూడోసారి. అక్కడ మీ సినాయిటికస్ ఏం చేస్తుంది? జలప్రళయం పోలికా సగమే నిలుస్తుంది. అప్పుడు నీళ్లు, ఈసారి అగ్ని అని పేతురే తేడా చూపిస్తున్నాడు. నీళ్లు ఇంకిపోతాయి. అగ్ని బూడిద మిగులుస్తుంది.

పాతప్రతులు:
11, 12 గురించి మీరన్నది బలమైన మాటే. దానికి నా దగ్గర ఒక్కవేటు జవాబు లేదు. లయమయ్యాక ఏం మిగులుతుందన్నదే మన తగువు.

ఎస్తేరు:
ముందు ఆ "సాక్షుల బోధ" మాట తేల్చుకుందాం. రెండో శతాబ్దంలో లియోన్ బిషప్పుగా ఉన్న ఐరేనియస్ ఏమన్నాడో చూడండి. సృష్టి పదార్థం లేకుండా పోదు, పోయేది దాని రూపమే అన్నాడు. అందుకు ఆధారంగా చూపింది 1 కొరింథీ 7:31. మన తెలుగులో "ఈ లోకపు నటన గతించుచున్నది" అని ఉంటుంది. నటన! నాటకం అయిపోతుంది, రంగస్థలం ఉంటుంది. తర్వాతి కాలపు బిషప్పు అగస్టీన్ కూడా దాదాపు ఇదే అన్నాడు. వీళ్లు సాక్షులకంటే ఎన్నో శతాబ్దాల ముందువాళ్లు. అటు 17వ శతాబ్దంలో లూథరన్ అనే ప్రొటెస్టెంట్ శాఖ పండితుల్లో కొందరు, యోహాన్ గెర్హార్డ్ వంటివాళ్లు, లోకం పూర్తిగా లేకుండా పోతుందనే బోధించారు. కాబట్టి ఇది సంఘం లోపలి పాత తగువే. ఒకరినొకరు దుర్బోధకులనుకోవాల్సిన పని లేదు.

ఇక అసలు విషయం. గ్రీకులో కొత్తకి రెండు మాటలున్నాయి. నెయోస్ అంటే కొత్తగా పుట్టింది, కైనోస్ అంటే గుణంలో కొత్తది. ప్రకటన 21లో ఉన్నది కైనోస్. అంటే ఇదే భూమి, కొత్త గుణంతో. దీంతో వాదన ముగిసినట్టే.

పాతప్రతులు:
ఎస్తేరు గారూ, నేను మీ పక్షమే. అయినా ఆ కైనోస్ వాదన వదిలేయండి. ప్రసంగాల్లో చాలాసార్లు వింటాం కానీ నిలబడదు. "నవీన స్వభావము" గురించి ఎఫెసీ 4:24లో కైనోస్ వాడితే, అదే సంగతికి కొలొస్సీ 3:10లో నెయోస్ వాడాడు పౌలు. ఆ రెండు మాటల మధ్య గోడ అంత ఎత్తు లేదు. మన పక్షానికి రోమా 8 చాలు. "సృష్టి యావత్తు... ప్రసవవేదనపడుచునున్నది" అంటాడు. పురిటి నొప్పులు పడే తల్లిని కాల్చేసి, వేరే చోటునుంచి బిడ్డను తెచ్చిపెట్టరు కదా. అపొ. కార్యములు 3:21 కూడా ఉంది, "కుదురుబాటు కాలములు". కుదురుబాటు! తెలుగు అనువాదకులకు దండం పెట్టాలి ఆ ఒక్క మాటకి. జబ్బుచేసిన ఒళ్లు కుదురుకుంటుంది. ఒళ్లు మార్చుకోవడాన్ని కుదురుకోవడం అనరు.

ఎస్తేరు:
సరే, వదిలేశాను. పదేళ్లుగా చెప్తున్నాను ఆ వాదన. ఏం చేస్తాం.

నమ్మనివాడు:
నాకు దేవుడి మీద నమ్మకం లేదు, అయినా చదువుతున్నాను. ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. కాలిస్తే ఏంటి, కడిగితే ఏంటి? ఆ తొమ్మిదేళ్ల పిల్లాడు పోయింది ఇప్పుడు. చెడు లేని లోకం చేయగలిగినవాడు ఎప్పుడో చేస్తాననడం దేనికి? మతాన్ని మత్తుమందు అన్న మార్క్స్ మాట అందరికీ తెలుసు. 1844లో ఆయన అదే చోట మతాన్ని పీడిత ప్రాణి నిట్టూర్పు అని కూడా అన్నాడు. మీ రోమా 8 మూలుగూ అదే కదా?

దీనికంటే నన్ను ఇబ్బంది పెట్టేది ఇంకొకటుంది. యెషయా 65:17. కొత్త ఆకాశం, కొత్త భూమి గురించి మీ గ్రంథంలో మొదట చెప్పిన చోట "మునుపటివి మరువబడును జ్ఞాపకమునకు రావు" అని ఉంది. ఆ తల్లి మర్చిపోతుందా? దుఃఖం లేకుండా చేయడానికి జ్ఞాపకం తీసేస్తే దాన్ని స్వస్థత అంటారా? నన్నడిగితే అది ఇంకో చావు.

కావలివాడు:
మంచి ప్రశ్నే. మర్చిపోవడం కూడా కృపే అని నేననుకుంటాను.

నమ్మనివాడు:
ఆ మాట ఆమె ముందు అనగలరా?

ఒలీవకొమ్మ:
నమ్మనివాడు గారూ, మీ మాట చదివి రెండు రోజులు ఏమీ రాయలేదు. ఇప్పుడు నాకు తట్టింది రాస్తాను, పొడుగవుతుంది.

యెషయా ముందు వచనం, 16, చూస్తే "పూర్వము కలిగిన బాధలు మరువబడును" అన్న భావం ఉంది. మర్చిపోయేది బాధల్ని. మనుషుల్ని అని లేదు. అయినా మీరడిగింది ఇంతటితో తీరదు, ఎందుకంటే ఆ బిడ్డ ఆఖరి నెలలు, ఆ బాధ, ఆమె ప్రేమ, ఇవన్నీ ఒకే పీట ముడి. ఒక్క దారాన్ని లాగలేం.

నాకు ఆనుకోవడానికి దొరికింది యోహాను 20. కొత్త సృష్టి ఎలా ఉంటుందో చెప్పడానికి క్రైస్తవుల దగ్గరున్న నమూనా ఒక్కటే, లేచిన యేసు దేహం. ఆ దేహం పాతదే, సమాధి ఖాళీ. పాతదాన్ని అక్కడే వదిలేసి ఆయన ఇంకో దేహం తెచ్చుకోలేదు. అయినా అది పాతదానిలా లేదు, తలుపులు వేసి ఉండగానే లోపలికొచ్చాడు, వెంటనే గుర్తుపట్టలేనివాళ్లూ ఉన్నారు. మరణం ఇక ఆ దేహాన్ని ముట్టదు. అంత మహిమ పొందిన దేహం మీద కూడా మేకుల గాయాలున్నాయి. నమ్మలేకపోయిన శిష్యుడు తోమాను వేలుపెట్టి చూడమన్నాడు. దేవుడికి వాటిని చెరిపేయడం చేతకాక ఉంచాడనుకోను. నొప్పి పోయింది, గుర్తు ఉంది. ప్రకటన 21:4లో "ప్రతి బాష్పబిందువును తుడిచివేయును" అన్న మాట నాకిప్పుడు అలాగే వినబడుతోంది. తుడవాలంటే దగ్గరికి రావాలి, ఎందుకేడుస్తున్నావో తెలిసుండాలి. జ్ఞాపకం తీసేసినవాళ్లకు తుడవడానికి కన్నీళ్లే ఉండవు.

ఈ నమూనాతో చూస్తే మన మొదటి తగువు కూడా వేరేగా కనబడుతోంది. చావు నిజమే, కావలివాడు బ్రదర్ లయం అన్నదీ నిజమే. యేసు సగం చచ్చి బాగుపడలేదు కదా, పూర్తిగా చనిపోయాడు. అయినా లేచింది ఆయనే. భూమికి కూడా అంతేనేమో, చావంత లోతైన మార్పు, అయినా అదే భూమి.

"ఇప్పుడే ఎందుకు చేయడు" అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. దేవుడు ఆలస్యం చేయడం లేదని, అందరూ మారుమనస్సు పొందాలని ఓర్చుకుంటున్నాడని పేతురు అంటాడు. నమ్ముతాను, కానీ బిడ్డ పోయిన ఇంట్లో ఆ వచనం చదవలేను. ప్రకటన 6లో హతసాక్షుల ఆత్మలు బలిపీఠం కిందనుంచి "యెందాక" అని అరుస్తాయి. మనం వెళ్తే చాలనుకునే పరలోకంలో ఉన్నవాళ్లే అక్కడ అడుగుతున్నారు. మీ ప్రశ్నకు మా గ్రంథంలోనే చోటుంది, అంతవరకే చెప్పగలను.

నమ్మనివాడు:
గాయాల సంగతి నేనెప్పుడూ అలా చూడలేదు. ఒప్పుకున్నానని కాదు. మరి ఎదురుచూస్తూ చేతులు కట్టుకుని కూర్చోవడం?

కావలివాడు:
అది మాత్రం పడను. భూమి కాలిపోతుందని నమ్మిన మిషనరీలే ఎందరో కుష్ఠురోగుల పుండ్లు కడిగారు. బాగుపడుతుందని నమ్మినవాళ్లలో సోమరులు లేరా? 1 కొరింథీ 15:58, "మీ ప్రయాసము ప్రభువునందు వ్యర్థముకాదు". పునరుత్థానం గురించి అంత పెద్ద అధ్యాయం రాసి చివర్లో పౌలు చెప్పింది పని చేయండనే.

పాతప్రతులు:
ఆ వచనం మా వాదనకే ఎక్కువ పనికొస్తుంది బ్రదర్. అంతా బూడిదైతే ప్రయాస వ్యర్థం కాకుండా ఎలా ఉంటుంది?

కావలివాడు:
మనుషుల్లో మిగులుతుంది. మీరు ఊరికే వదలరు :)

దారినపోయేవాడు:
చిన్న సందేహం. ప్రకటన 21:1లో "సముద్రమును ఇకను లేదు" అట. బీచ్ లేని పరదైసు నాకొద్దు. ఇంకొకటి, "క్రొత్త భూమికొరకును కనిపెట్టుచున్నాము" అని చదివి మన శాస్త్రవేత్తలు ఇంకో గ్రహం కనిపెడుతున్నారనుకున్నాను చిన్నప్పుడు.

ఎస్తేరు:
హహ. బైబిలు తెలుగులో కనిపెట్టడం అంటే ఎదురుచూడటం. సముద్రం గురించి టెన్షన్ వద్దు. దానియేలు 7లో మృగాలు, ప్రకటన 13లో మొదటి మృగం పైకొచ్చేది సముద్రంలోనుంచే. చెడు పుట్టే చోటు ఇక ఉండదని అర్థం. ఉప్పునీళ్ల మీద దేవుడికి పగ లేదు.

కావలివాడు:
ఒలీవకొమ్మ అక్కా, లయం విషయంలో నా మాట మార్చుకోలేదు. కానీ ఆ తల్లి అడిగింది వేరే అని ఇప్పుడు అర్థమైంది. ఆమె అడిగింది భూమి గురించి కాదు. యెషయా 26:19 చదివి వినిపించండి. "మంటిలో పడియున్నవారలారా, మేల్కొని ఉత్సహించుడి." భూమి తనలోని మృతుల్ని తిరిగి ఇస్తుందని అదే వచనం. కాలినా, కాలకపోయినా, ముందు అప్పగించాకే.

ఒలీవకొమ్మ:
నిన్న సాయంత్రం వెళ్లి చదివాను బ్రదర్. యోహాను 20 కూడా చదివాను. మౌనంగా విన్నది. తర్వాత, మూడేళ్లప్పుడు సైకిల్ మీదనుంచి పడితే వాడి గడ్డం కింద కుట్లు పడ్డాయని, ఆ మచ్చ ఉంటుందా అని అడిగింది. ఉండొచ్చని అన్నాను. "ఉంటే గుర్తుపడతాను" అంది.