"చూడ చూడ" అంటే కంటితోనా, నాలుకతోనా?

పటమట నుంచి:
మా పాత జావా కోడ్ సరిచేస్తున్నాం. లిస్టులో ఏ రకం వస్తువులుండాలో ముందే రాసే జెనరిక్స్ 2004లో జావా 5తోనే వచ్చినా, ఇందులో ఎక్కడ చూసినా రకం రాయని రా టైప్ లిస్టులే. కంపైల్ చేస్తే అన్నీ రకం సరిచూడలేనని చెప్పే అన్‌చెక్డ్ వార్నింగులు. జూనియర్లకు వేమన "ఉప్పు కప్పురంబు" పద్యంతో చెబుదామనుకున్నాను: ఆ లిస్టులో పడ్డాక ఉప్పైనా కప్పురమైనా ఏ రకమో చెప్పని ఉత్త ఆబ్జెక్టే, "ఒక్క పోలిక". రెండో పాదం దగ్గర ఆగిపోయాను. "చూడ చూడ రుచుల జాడ వేరు"లో చూడడం పరికించడమా, రుచి చూడడమా? మొదటిదైతే నడపకముందే కోడ్ సరిచూసే కంపైలర్ పని, రెండోదైతే రన్‌టైమ్, అంటే కోడ్ నడుస్తున్నప్పటి పని.

బ్రాడీపేట నుంచి:
రుచి చూడడమేనండీ. కంటికి రెండూ ఒకటేనని మొదటి పాదంలో చెప్పి, మళ్ళీ కంటితోనే చూడమంటాడా? లిస్టులో తప్పు వస్తువు చప్పుడు లేకుండా చేరిపోతుంది. ఎప్పుడో, ఇంకెక్కడో బయటికి తీసి, ఇది ఫలానా రకమేనని కాస్ట్ చేసినప్పుడే క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్ అనే ఎర్రర్. నాలుక మీద పడ్డాకే తెలిసింది కదా.

అరండల్‌పేట నుంచి:
రుచికి ఒక్క "చూడ" చాలు మాస్టారూ. రెండుసార్లు అన్నాడంటే చూడగా చూడగా అని. మూడో పాదంలో పుణ్యపురుషుల్ని తెలుసుకునేదీ అలాగే. పైగా "రుచుల జాడ" అన్నాడు. జాడ ముందే దొరుకుతుంది. క్లాసును పెట్టె<టి> అని మార్చి (టి అంటే రకం పేరు తర్వాత నింపే ఖాళీ), వాడేచోట పెట్టె<ఉప్పు> అని రాయండి. కప్పురం వేయబోతే కంపైలర్ అక్కడే ఆపుతుంది. వేమన చెప్పిన చూపు అది.

గవర్నరుపేట నుంచి:
ఆ జాడ ఎంతసేపు? కంపైల్ అయ్యాక టి చెరిగిపోయి ఆబ్జెక్ట్ మిగులుతుంది. అందుకే టి అర్రేని, అంటే టి రకం వస్తువుల వరసని, నేరుగా కట్టలేం. ఆబ్జెక్ట్ అర్రే కట్టి కాస్ట్ చేయాలి, వార్నింగ్ తప్పదు. ఆ అర్రే క్లాసు దాటి బయటికి పోదని రూఢి చేసుకుని, ఆ వార్నింగ్‌ని దాచే సప్రెస్‌వార్నింగ్స్ ఆ ఒక్క డిక్లరేషన్ మీదే పెట్టండి. క్లాసు మొత్తానికి పెడితే రేపు దూరే అసలు తప్పు కూడా కనపడదు. దయచేసి ఆ పని చేయకండి. అది సరే, మూడో పాదం చివర "వేరయ"నా, "వేరయా"నా?

బ్రాడీపేట నుంచి:
ఆటవెలది మూడో పాదంలో చివరిది ఇంద్రగణం. "వేరయ" భగణం, "వేరయా" రగణం, రెండూ చెల్లుతాయి. నా ఓటు దీర్ఘానికే. ఎదుట కూర్చున్నవాణ్ణి పిలిచి చెబుతున్నట్టుంటుంది. అంత చిన్న పద్యంలో అంత దగ్గరగా మాట్లాడే కవి నాకు ఇంకొకరు కనపడరు.

అరండల్‌పేట నుంచి:
పిలుపు "వినుర"లో ఉంది కదండీ, రెండుసార్లు ఎందుకు? హ్రస్వమే పాదాన్ని మకుటంలోకి జార్చుతుంది. పాడి చూడండి.

పటమట నుంచి:
ఇప్పుడు మీరన్న "పాడి చూడండి"లో చూడడం ఏ రకం? నాకు బ్రాడీపేట వారి వైపే మొగ్గుగా ఉంది.

అరండల్‌పేట నుంచి:
అది సహాయక క్రియ. దాన్ని ఇందులో కలపకండి.