బీర, సొర పిందెలు పండుబారి రాలిపోతున్నాయి: మందు కొట్టాలా?

మిద్దెపందిరి:
హైదరాబాద్‌లో నాలుగంతస్తుల మిద్దె. 15 అంగుళాల వెడల్పు, అంతే లోతున్న గ్రో బ్యాగుల్లో బీర రెండు పాదులు, సొర ఒకటి ఉన్నాయి. తొలకరికి పెట్టిన గింజలు. తీగలు పందిరంతా అల్లుకున్నాయి, ఆకు ముదురాకుపచ్చగా ఉంది, పురుగు కనపడటం లేదు. మగపూలు బోలెడు. ఆడపూలూ వస్తున్నాయి కానీ పిందె వేలెడు కూడా పెరగకముందే మొన నుంచి పసుపుబారి, మూడు నాలుగు రోజుల్లో రాలిపోతోంది.

మట్టి: ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) సమపాళ్లలో, పాదుకు గుప్పెడు వేపపిండి. వారానికోసారి జీవామృతం (పేడ, గోమూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన ఎరువునీళ్లు). బోరాన్ అనే పోషకం లోపమని ఒకరు, తెగులని ఒకరు అంటున్నారు. సాయంత్రం ఆరింటికి వేపనూనె కొడుతున్నాం. పొద్దున ఏడింటికి చేత్తో పుప్పొడి అద్దినా పిందె నిలవడం లేదు.

పాదు_పందిరి:
కారణం మీ చివరి రెండు వాక్యాల్లోనే ఉందండి. బీర, సొర సాయంత్రం పూసే తీగలు. బీరపువ్వు సుమారు 5 గంటల తర్వాత విచ్చుకుంటుంది, సొర చీకటి పడే వేళకి. తెల్లారి మీరు పుప్పొడి అద్దేసరికి ఆ పువ్వుల పని అయిపోయి ఉంటుంది. పైగా సరిగ్గా పూలు విచ్చే వేళకే వేపనూనె పడుతోంది. పుప్పొడి తడిసిపోతుంది, పుప్పొడి మోసే పురుగులూ దూరంగా పోతాయి. వేపనూనె అవసరమైతే లీటరు నీళ్లకి 5 మి.లీ., రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి పొద్దున్నే కొట్టండి, అదీ పురుగు కనిపిస్తేనే. ఏ పురుగూ లేని పాదుకి ఎందుకు?

ఒక్కో తీగకి ఒక్కో వేళ. కాకర, దోస, గుమ్మడి, నేతిబీర తెల్లవారుజామున విచ్చుకుంటాయి, వాటికి పొద్దున 8 లోపు చెయ్యాలి. బీర, సొర, పొట్ల సాయంత్రం. బీరకి, నేతిబీరకి ఆకు చూస్తే దగ్గరగానే ఉంటుంది గానీ వేళ పూర్తిగా వేరు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

చేసే పద్ధతి: అప్పుడే విచ్చిన మగపువ్వు కోసి రేకులు ఒలిచెయ్యండి. మధ్యలో పసుపు పొడి వేలికి అంటుతుంటే పుప్పొడి సిద్ధంగా ఉన్నట్టు. ఆడపువ్వు మధ్యలో మూడు పాయలుగా, కాస్త జిగురుగా ఉండే భాగం ఉంటుంది. మూడు పాయలకీ మెత్తగా రాయండి. ఒక పాయకే అంటితే కాయ ఒక పక్క ఊది, రెండో పక్క సన్నగా వంకరపోతుంది. గట్టిగా రుద్దితే ఆ భాగం నలిగిపోతుంది. ఒక మగపువ్వు రెండు ఆడపూలకి సరిపోతుంది. సాయంత్రం వాన వచ్చేలా ఉంటే విచ్చబోయే మగపూలని మధ్యాహ్నమే కాడతో కోసి గ్లాసు నీళ్లలో పెట్టి లోపల ఉంచుకోండి. ఆడపువ్వుకి అద్దాక చిన్న కాగితం గొట్టం తొడిగి వాన తగలకుండా చూడండి.

కారణం ఇదేనా అన్న అనుమానం తీరాలంటే, అద్దిన పిందెలకి ఎర్రదారం కట్టి కొన్ని ఆడపూలని ముట్టకుండా వదిలెయ్యండి. నాలుగో రోజుకి దారం ఉన్నవి లావెక్కి కిందకి వేలాడుతూ, లేనివి పసుపుబారితే ఇక మందుల మాట అక్కర్లేదు. బోరాన్ తక్కువైతే లేతచిగుళ్లు పెళుసుబారి ముడుచుకుంటాయి, మీరు చెప్పిన గుర్తుల్లో అది లేదు. కుండీలో బోరాన్ కొంచెం ఎక్కువైనా ఆకు అంచులు మాడతాయి, ఊరికే వెయ్యకండి.

ఎరువుగుంత:
పై మాటతో ఏకీభవిస్తూ ఒకటి కలుపుతాను. ముదురాకుపచ్చ ఆకు, బోలెడు మగపూలు అంటే నత్రజని మోతాదు మించినట్టు. మూడోవంతు పశువుల ఎరువున్న మట్టికి వారం వారం జీవామృతం వద్దండి, మూడు వారాలకోసారి చాలు. పాదుకి గుప్పెడు కట్టెల బూడిద ఒక్కసారి వేసి మట్టిలో కలపండి.

సొరకి తల తుంచడం మర్చిపోవద్దు. ప్రధాన తీగ పందిరి ఎక్కగానే కొన తుంచితే పక్కకొమ్మలు వస్తాయి, ఆడపూలు ఎక్కువగా వాటి మీదే. 15 అంగుళాల బ్యాగు బీరకి ఒక్క పాదుకైతే సరే, సొరకి ఇరుకు. 18 అంగుళాలది పెట్టండి. తడిసిన మట్టితో బరువెక్కుతుంది కాబట్టి శ్లాబు నడిమధ్య కాకుండా దూలం మీదికి వచ్చేలా, గోడ వారగా ఉంచండి.

కాయకోత:
పిందె నిలిచాక అసలు శత్రువు పండుఈగ. పిందె తొక్క మీద గుండుసూది గుచ్చినట్టు చుక్క, దాని దగ్గర గోధుమరంగు జిగురు కారడం, అక్కడే కాయ వంగిపోవడం కనిపిస్తే లోపల గుడ్లు పెట్టేసినట్టే. పుప్పొడి అద్దిన మూడో రోజే పిందెకి పల్చటి గుడ్డసంచి తొడిగి మూతి దారంతో కట్టండి, కాయ పెరిగే చోటుండేలా వదులుగా.

ఎర బుట్టలు కొనేటప్పుడు చూసుకోండి. మామిడి ఈగకి వాడే మిథైల్ యూజినాల్ అనే ఎరమందు తీగజాతుల ఈగని లాగదు. వీటికి క్యూ లూర్ అనే ఎరమందు కావాలి. అదీ మగ ఈగల్నే పడుతుంది కాబట్టి సంచి మానకూడదు. పుచ్చిన పిందెలు కంపోస్టులో వెయ్యొద్దు. పురుగు మట్టిలోకి దిగి కోశస్థ దశ (గూడులాంటి పెంకులో ఉండి ఈగగా మారే దశ) అక్కడే గడుపుతుంది, మళ్లీ ఈగై పందిరెక్కుతుంది. ప్లాస్టిక్ కవర్లో కట్టి ఎండలో కొన్ని రోజులు పడేసి ఆ తర్వాత పారెయ్యండి.

మిద్దెపందిరి:
వేళ గురించి ఎవరూ చెప్పలేదు, చాలా థాంక్సండి. ఇంకో ప్రశ్న. కాయ నిలిస్తే గింజ దాచుకోవాలని ఉంది. బీర హైబ్రిడ్ ప్యాకెట్, సొర అర్క బహార్. ఏది దాచొచ్చు?

గింజబుర్ర:
హైబ్రిడ్ బీర దాచినా మొలుస్తుంది, కానీ కాయలు ఒకే తీరుగా రావు. బీరలో గింజ కట్టుకోవాలంటే జగిత్యాల లాంగ్, అర్క సుమీత్ లాంటి సూటి రకాలు (హైబ్రిడ్ కానివి, దాచిన గింజ వేసినా అదే తీరు కాయలిచ్చేవి) పెట్టండి. అర్క బహార్ బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ ఇచ్చిన సూటి రకమే, దాచుకోవచ్చు.

మధ్యాహ్నం, ఇంకా విచ్చని ఆడమొగ్గకీ అదే రకం మగమొగ్గకీ కొన దారంతో ముడెయ్యండి. సాయంత్రం విప్పి పుప్పొడి అద్ది, ఆడపువ్వుకి మళ్లీ ముడేసి గుర్తు కట్టండి. పక్కింటి సొర పుప్పొడి కలవదు. ఆ కాయని కూరకి కొయ్యకుండా తీగ మీదే వదిలెయ్యాలి. తొక్క గట్టిపడి గోధుమరంగుకి తిరిగి, ఊపితే గింజలు గలగలమనాలి. తీసిన గింజని నీడలో ఆరబెట్టి, బూడిద కలిపి గాలి చొరని డబ్బాలో పెట్టండి.

పుప్పొడి కలిసినంత మాత్రాన ఈ ఏటి కాయ రుచి మారదు, తేడా ఆ గింజ నుంచి వచ్చే పాదులో బయటపడుతుంది. అందుకే ఎక్కడిదో తెలియని గింజ, కంపోస్టులో దానంతటదే మొలిచిన సొర కాస్తే వండే ముందు ప్రతి కాయనుంచీ చిన్న పచ్చిముక్క నాలిక మీద పెట్టి చూసి ఉమ్మెయ్యండి. చేదు తగిలితే కాయంతా పారెయ్యాలి. ఆ చేదు కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాలది, ఉడికించినా పోదు, వాంతులు, విరేచనాలతో మొదలై ప్రాణం మీదికి తెస్తుంది. చేదు సొరరసం తాగొద్దని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నిపుణుల కమిటీ కూడా చెప్పింది. చేదు కాయ కాసిన పాదుని పీకెయ్యండి, దాని గింజ ఎవరికీ ఇవ్వకండి.