‘ఈశ్వరప్రణిధానాద్వా’లో ఆ ‘వా’ సంగతి

(మాట్లాడేవాళ్లని వాళ్ల ఊరి పేరుతోనే రాశాం.)

విజయనగరం: ‘దేవుణ్ణి నమ్మనివాడు చేసే ధ్యానానికి అర్థం ఉంటుందా?’ అని అడుగుతుంటారు. అసలు ధ్యానం అన్న మాటలో దేవుడు ఉన్నాడా?

బొబ్బిలి: మాటలో లేడండి. ధాతువు ‘ధ్యై’, దానికర్థం చింతన. పతంజలి యోగసూత్రాల్లో 3.2, అంటే మూడో పాదంలో రెండో సూత్రం చూడండి: ‘తత్ర ప్రత్యయైకతానతా ధ్యానమ్’. మనసు నిలిపిన చోట ఒకే తలపు తెగకుండా సాగడం, అంతే. 1.23లో సమాధికి దారి చెబుతూ ‘ఈశ్వరప్రణిధానాద్వా’, ఈశ్వరుడికి అర్పించుకోవడం వల్ల కూడా అన్నాడు పతంజలి. ఆ ‘వా’కి అర్థం ‘లేదా’. 1.39కి వచ్చేసరికి ‘యథాభిమతధ్యానాద్వా’, నచ్చినదాని మీదే నిలపమన్నాడు.

రాజాం: ‘వా’ పట్టుకుని వేలాడితే ఎలాగండీ? 2.32లో ఈశ్వరప్రణిధానం నియమాల్లో ఒకటి. 2.45లో సమాధిసిద్ధి, అంటే మనసు పూర్తిగా లీనమవడం, దానివల్లే అన్నాడు. ఆ రెండు చోట్లా ‘వా’ లేదు.

బొబ్బిలి: ఒప్పుకుంటాను, పతంజలి నాస్తికుడేం కాదు. నిర్వచనంలో దేవుణ్ణి పెట్టలేదు, అంతవరకే నా మాట. మన శాలిహుండం, రామతీర్థం కొండల మీది బౌద్ధ భిక్షువుల దారి సృష్టికర్త లేని దారే. వాళ్ల పాళీ ‘ఝాన’ మన ధ్యానమే, చైనాలో చాన్, జపానులో జెన్ అయింది. కాకపోతే వాళ్లకి కర్మ, పునర్జన్మ ఉన్నాయి. అవి కూడా అడగని పద్ధతంటే 1979లో అమెరికాలో జాన్ కబట్-జిన్ మొదలుపెట్టిన 8 వారాల మైండ్‌ఫుల్‌నెస్ ధ్యాన శిక్షణలాంటిది.

పొందూరు: ‘ఏకతానత’ దగ్గర కాస్త ఆగండి. ‘తన్’ అంటే సాగదీయడం. అది రాట్నం దగ్గర కళ్లకి కనిపిస్తుంది. వాలుగ చేప దవడతో ఏకిన పత్తి, దాని ఏకు (వడకడానికి చుట్టిన దూది) ఎడమచేతిలో, చక్రం కుడిచేతిలో. పురి ఎక్కకముందే లాగితే నూలు తెగుతుంది. లాగడం ఆలస్యమైతే పురి ఎక్కువై మెలికలు పడుతుంది. తెగిన కొసని ఏకుకి ఆనించి మళ్లీ తిప్పడమే, తిట్టుకోనక్కర్లేదు, దండం పెట్టనక్కర్లేదు.

ఆమదాలవలస: ఊపిరి లెక్కలోనూ అంతే. వెన్ను నిటారుగా 10 నిమిషాలు కూర్చోండి. వదిలిన ప్రతి ఊపిరికీ ఒక అంకె, 10 దాకా, మళ్లీ 1. 14 దగ్గర దొరికిపోయారంటే నోరు లెక్కపెడుతోంది, మనసు సంతకెళ్లింది. ఒకటికి రండి. ఎక్కువమంది చేసే తప్పు ఊపిరిని పెద్దగా లాగడం. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. దాన్నే ‘శక్తి కదిలింది’ అనేసుకుంటారు కొందరు! ఊపిరిని దాని మానాన వదిలెయ్యాలి. తిన్నవెంటనే కూర్చుంటే కునుకే. కళ్లు మూస్తే భయం, పాత సంగతులు తోసుకొస్తుంటే మాత్రం పట్టుపట్టొద్దు, కళ్లు తెరిచి ఆపెయ్యండి. మానసిక చికిత్సలో ఉన్నవాళ్లు ముందు డాక్టరుకి చెప్పాలి.

విజయనగరం: మరి ‘అర్థం’ మాటేటి?

రాజాం: తిరకాసంతా అక్కడే. అర్థం అంటే మాటకి భావం, పనికి ప్రయోజనం. కైవల్యం, అంటే మోక్షం కావాలన్నవాడికి కోపం తగ్గడం చిల్లర. కోపంతోనే వేగలేనివాడికి అదే గొప్ప. పేరు దగ్గరే నా పేచీ. దేవుడు లేని ఈ సాధనకి ‘ధ్యాస’ అంటే సరిపోదా?

బొబ్బిలి: కుదరదండి. ‘పిల్లాడి ధ్యాసంతా ఆటల మీదే’ అంటాం, ‘ధ్యానమంతా’ అనం. ధ్యాసని ఎవరూ కూర్చోబెట్టక్కర్లేదు.

రాజాం: పోనీ, ‘ఎరుక’?

బొబ్బిలి: అది పాళీ ‘సతి’కి, అంటే సంస్కృతంలో ‘స్మృతి’కి దగ్గర. దానికి వేరే చర్చ పెట్టండి, ఇందులో కలిపితే మెలికలు పడిపోతుంది.